ముద్ర పడిన మనిషికి ముందు అడ్డుపడేది ఏది?



నేరాన్ని అధ్యయనం చేసేవారు సాధారణంగా నేరస్థుని వైపే చూస్తారు. అమెరికన్ సామాజికవేత్త దేవా పేజర్ మాత్రం జైలు నుంచి వచ్చిన మనిషి తలుపు తట్టినప్పుడు, ఆ తలుపు వెనుక నిలిచిన యజమాని వైపు చూశారు. ఆమె కృషిని మనం తెలుసుకోవలసింది అందుకే.

1972లో హొనొలూలూలో పుట్టిన పేజర్, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం పరిశోధిస్తూ, మిల్వాకీ నగరంలో ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు తెల్లజాతి, ఇద్దరు నల్లజాతి యువకులను ఎంచుకుని, సమానమైన అర్హతలు చూపించి, 350 చోట్ల చిన్న ఉద్యోగాలకు దరఖాస్తు చేయించారు. ప్రతి జంటలోనూ ఒకరు మాదకద్రవ్యాల కేసులో శిక్ష అనుభవించినట్లు చెప్పాలి. ఆ పాత్రను ఇద్దరూ వంతులవారీగా పోషించాలి.

నేరచరిత్ర లేని తెల్లవారి దరఖాస్తుల్లో 34 శాతానికి యజమానుల నుంచి తిరిగి పిలుపు వచ్చింది. నేరచరిత్ర ఉన్న తెల్లవారికి 17 శాతం. ఏ నేరమూ చేయని నల్లవారికి 14 శాతమే! నేరచరిత్ర ఉన్న నల్లవారికి 5 శాతం. అంటే, జైలుకు వెళ్ళివచ్చిన తెల్లవానికి ఉన్న అవకాశం కూడా నిర్దోషియైన నల్లవానికి లేదు. ముద్ర కాగితం మీద కన్నా ముందే చర్మం మీద పడి ఉంది.

2003లో వెలువడిన ఈ పరిశోధన, 2007లో పుస్తకమైంది. ఆమె ప్రిన్స్‌టన్‌లో, ఆపై హార్వర్డ్‌లో ఆచార్యులుగా పనిచేశారు. 2018లో 46 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇది మనకు దూరపు కథ కాదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ మన దేశంలో సమాన అర్హతల దరఖాస్తులనే వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే, దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అక్కడ చర్మం చేసే పని ఇక్కడ పేరు చేస్తున్నది. మక్కా మసీదు పేలుడు తరువాత పట్టుబడి, నిర్దోషులుగా బయటపడిన మన హైదరాబాదు యువకులకైతే పేరుతోపాటు కేసు కూడా తోడైంది. కోర్టు విడిచిపెట్టినా, ఉద్యోగమిచ్చేవాడు విడిచిపెట్టడు.

కనుక మనం కోరవలసింది సానుభూతి కాదు, లెక్క. వివక్ష జరిగిందని చెబితే రుజువేదని అడుగుతారు. ఆ రుజువును ఎలా సమకూర్చాలో పేజర్ చూపించారు. మన విద్యార్థులు ఆ శాస్త్రాన్ని నేర్చుకోవాలి. ప్రైవేటు రంగానికి వర్తించే వివక్షా నిరోధక చట్టాన్ని ఆ అంకెలతోనే మనం అడగాలి.