ఆయుష్షులో నుంచి ఇచ్చిన కానుక

(పాఠశాల ప్లాటినం జూబిలీ ప్రారంభ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



'మరపురాని కానుకలు' అనే విషయంపై మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను కోరారు. జూబిలీ సంవత్సరంలో ఈ విషయాన్నే ఎందుకు ఎంచుకొన్నారో గ్రహించలేనంత అమాయకుణ్ణి కాను. గ్రంథాలయానికి గది కావాలి, ప్రహరీ గోడ పూర్తి కావాలి, దాతలు ముందుకు రావాలి. ఆ సంగతికి చివరలో తప్పక వస్తాను. అంతవరకు నన్ను కొంచెం తిరగనివ్వండి.

మన తెలుగువారి పెండ్లిండ్లలో చదివింపులని ఒక ఘట్టం ఉన్నది. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారు వెండి గిన్నె అని ఒకరు బిగ్గరగా చదువుతూ ఉంటే మరొకరు పుస్తకంలో వ్రాసుకొంటారు. ఆ నూరు మీద పదహారు ఎక్కడిదని చిన్నతనంలో అడిగితే మా ఇంటి పెద్దలు చెప్పిన సమాధానం ఈ రాయచూరు గడ్డకు చెందినది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిది. నిజాం ప్రభుత్వానికి హాలీ సిక్కా అని సొంత రూపాయి ఉండేది. ఆంగ్లేయుల రూపాయలు 100 కావాలంటే హాలీ రూపాయలు 116 పైచిలుకు లెక్కపెట్టవలసి వచ్చేది. బొంబాయి వైపు నుంచి వచ్చిన రైలు దారి, మద్రాసు వైపు నుంచి వచ్చిన దారి 1871లో మన రాయచూరులోనే కలిశాయి కదా. ఇక్కడివారికి రెండు నాణేల లెక్క తెలియక తీరేది కాదు. నూట పదహార్లకు శుభసూచకమైన వేరే కారణాలు చెప్పేవారూ ఉన్నారు. వారితో వాదించను. నాకు మాత్రం ఈ మారకపు లెక్కే ఇష్టం. ఇచ్చేవాని పెట్టెలో నూరు అయితే చాలదు, పుచ్చుకొనేవాని చేతికి చేరిన తరువాత కూడా అది నూరే కావాలన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది.

కాని ఆ పుస్తకంలో వ్రాసుకొన్న కానుకలు ఎవరికి జ్ఞాపకం ఉంటాయి? పుస్తకం జ్ఞాపకం పెట్టుకొంటుంది, మనం మరచిపోతాం. మరచిపోలేనివి ఏవో కొన్ని ఉంటాయి. ఇచ్చినవాడు తనలో నుంచి ఏదో తగ్గించుకొని ఇచ్చినవి అవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు ఇచ్చినవి కావు. వట్టిపోయిన ఆవులను తండ్రి దానమిస్తుంటే చూడలేక 'నన్నెవరికిస్తావు' అని అడిగిన నచికేతుడు మన పిల్లల వయస్సువాడే. కర్ణుని కవచకుండలాలు, శిబి చక్రవర్తి తొడమాంసం మీకు తెలియనివి కావు.

పురాణాల దాకా పోనక్కరలేదు. మన మాన్వి తాలూకాకు రండి.

చీకలపర్విలో 1682లో పుట్టిన విజయదాసులు, దేవదుర్గ తాలూకా మొసరకల్లులో 1722లో పుట్టిన గోపాలదాసులు, బ్యాగవాటలో 1728లో పుట్టిన జగన్నాథదాసులు - ముగ్గురూ ఈ జిల్లా బిడ్డలే. ముగ్గురూ కన్నడంలో పాడినవారు. అయినా మన తెలుగు నేలతో పెనవేసుకొన్నవారు. విజయదాసులు 1755లో దేహం చాలించినది కర్నూలు జిల్లా చిప్పగిరిలో. గోపాలదాసులు స్థిరపడినది నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో అయిజకు సమీపంలోని ఉత్తనూరులో. ఎల్లలు గీసినది మనమే గాని వారు కారు.

దాస సంప్రదాయం చెప్పే కథ ఇది. జగన్నాథదాసుల తొలి పేరు శ్రీనివాసాచార్యులు. సంస్కృతంలో గట్టి పండితుడు. దేశభాషలో పాటలు కట్టి, తంబూరా మీటుతూ వీధులు తిరిగే హరిదాసుల పట్ల ఆయనకు చిన్నచూపు. విజయదాసులు ఒకనాడు తమ పంక్తిలో భోజనానికి ఆహ్వానిస్తే, కడుపునొప్పి అని సాకు చెప్పి తప్పించుకొన్నాడట. ఆ సాకు నిజమై కూర్చున్నది. వైద్యాలు ఫలించలేదు. మంత్రాలయం వెళ్ళి రాఘవేంద్రస్వామిని సేవించగా, ఎవరిని నొప్పించావో వారినే వేడుకొమ్మని స్వప్నంలో ఆదేశం కలిగింది. విజయదాసుల పాదాల మీద పడితే ఆయన గోపాలదాసుల వద్దకు పంపాడు. అప్పటికి శ్రీనివాసాచార్యులకు ఆయుష్షే నిండుకొన్నది. మందుతో తీరే రోగం కాదు. గోపాలదాసులు తన ఆయుర్దాయంలో నుంచి నలభై ఏండ్లు తీసి ఆయనకు ధారపోశాడు. ఆ దానం ఏ రూపంలో జరిగిందనుకొన్నారు? జొన్నరొట్టె రూపంలో. మన ఇండ్లలో ప్రతిరోజూ పెనం మీద కాలే ఆ జొన్నరొట్టెనే మంత్రించి పెట్టాడని చెబుతారు.

గోపాలదాసులు 1762లో, నలభై ఏండ్ల వయస్సులో వెళ్ళిపోయాడు. జగన్నాథదాసులు 1809 వరకు, ఎనభై ఒక్క ఏండ్లు జీవించాడు. భక్తులు ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టుకొని చేతులు జోడిస్తారు. ఆయుష్షు చేతులు మారుతుందా అని అడిగే సైన్సు ఉపాధ్యాయులు ఈ సభలో ఉన్నారు, వారు అడగవలసిందే. నేను ఈ కథను ఎత్తుకొన్నది అందుకు కాదు. బంగారం, భూమి, గోవులు - ఇవన్నీ ఎరిగిన జనం తమ జిల్లాలో జరిగిన అతి గొప్ప కానుకను తలచుకొన్నప్పుడు కాలాన్ని తలచుకొన్నారు. ఒక మనిషి తన ఏండ్లను మరొక మనిషికి ఇచ్చాడని చెప్పుకొన్నారు.

కథలో నాకు అంతకంటె ముఖ్యంగా తోచేది పుచ్చుకొన్నవాడు చేసిన పని. శ్రీనివాసాచార్యులు ప్రాణం దక్కించుకొని మళ్ళీ తన శాస్త్ర పాఠానికి పోలేదు. పండరిపురంలో జగన్నాథ విఠ్ఠల అనే అంకితం పొంది, ఏ భాషను చులకన చేశాడో ఆ భాషలోనే, భామినీ షట్పదిలో, హరికథామృతసారం రచించాడు. సంస్కృతంలో పండితులకే అందుతూ వచ్చిన మధ్వసిద్ధాంతం అంతా ఇంటి భాషలోకి దిగివచ్చింది. నేటికీ ఈ ప్రాంతంలో దానిని పారాయణం చేసే ఇండ్లున్నాయి. ఇచ్చిన నలభై ఏండ్లకు అదీ రసీదు. మాతృభాషలో చదివితే పిల్లవానికి ఏమి వస్తుందని నన్ను వీధిలో ఆపి అడిగే తల్లిదండ్రులకు నేను సమాధానం చెప్పను; మాన్వి వెళ్ళి రమ్మంటాను.

మన శ్రావణ మాసపు వాయనాలలో కూడా ఈ మర్మమే ఉన్నది. ఇచ్చే ఇల్లాలు ఇచ్చానని పలకాలి, పుచ్చుకొనే ఇల్లాలు పుచ్చుకొన్నానని పలకాలి. రెండవ మాట పడేవరకు వాయనం పూర్తి కాదు. పుచ్చుకోవడమూ ఒక పనే, చేతనైతేనే చక్కగా అవుతుంది.

ఆ పని బాగా చేసినవారిలో అల్లసాని పెద్దన ఒకడు. 1520లో ఈ రాయచూరు కోటను ఆదిల్‌షాహీల నుంచి గెలుచుకొన్న శ్రీకృష్ణదేవరాయలు ఆయనకు ఇచ్చినవాటికి లెక్క లేదు. కోకట మొదలైన అగ్రహారాలు ఇచ్చాడంటారు. 1529లో రాయలు గతించిన తరువాత పెద్దన దుఃఖిస్తూ చెప్పినదిగా ఒక చాటుపద్యం ప్రచారంలో ఉన్నది. తెలుగు ఉపాధ్యాయులు ఆ పద్యాన్ని ఇంకొకసారి తీసి చూడాలి. అది అగ్రహారాలతో మొదలు కాదు. దారిలో ఎదురైతే రాజు తన ఏనుగును ఆపి, చేయూతనిచ్చి పైకెక్కించుకోవడంతో మొదలవుతుంది. తరువాత మనుచరిత్ర స్వీకరించిన వేళ పల్లకిని రాజు తన చేతితో ఎత్తడం వస్తుంది. ఊళ్ళకు ఊళ్ళు పుచ్చుకొన్న కవికి ముందు జ్ఞాపకం వచ్చినది రాజుగారి చేయి. ఆ పద్యం పెద్దనదే అవునా కాదా అని పండితులు తర్కించుకోనివ్వండి. ఎవరు చెప్పినా, కానుక పుచ్చుకొన్నవాని మనస్సు ఎరిగి చెప్పారు.

భూమి సంగతి వచ్చింది కనుక మరొక మాట. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఉన్నారు. అప్పటికి ఆ జిల్లా, మన జిల్లా ఒకే రాష్ట్రంలోనివి. నలభై హరిజన కుటుంబాలవారు తమకు ఎనభై ఎకరాల నేల కావాలని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి అనే భూస్వామి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నాడు. అడిగినది ఎనభై, ఇచ్చినది నూరు. భూదానోద్యమం దేశమంతా ప్రాకినది ఆ ఇరవై ఎకరాల మొలక వల్లనే అని నేననుకొంటాను. తరువాతి కాలంలో ఉద్యమానికి దానంగా వచ్చిన భూములలో రాళ్ళూ రప్పలూ చాలా చేరాయి. సాగుకు పనికిరానివి, వివాదాలలో ఉన్నవి, పంపకానికే నోచుకోనివి ఎన్నో. నచికేతుని తండ్రి ఆవులు మళ్ళీ వచ్చాయన్నమాట.

ఇప్పుడు ఈ పాఠశాలలో నేను పుచ్చుకొన్న కానుకను గురించి. నేను పదవ తరగతి పూర్తి చేసిన యేడు మా తెలుగు మాస్టారు నన్ను గదికి పిలిచి బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం నా చేతిలో పెట్టారు. 1885లో మొదట వెలువడిన ఆ నిఘంటువు పలుమార్లు అచ్చయినది, కొని ఇవ్వవచ్చును. మాస్టారు కొనలేదు. తాము ఇరవై ఏండ్లు వాడిన ప్రతినే ఇచ్చారు. వెనుక కుట్టు ఊడిపోతే గోనెపట్టాతో అతికించారు. ప్రతి పుట అంచునా పెన్సిలు వ్రాత. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, కన్నడం ఇక్కడికి వచ్చాకనే నేర్చుకొన్నారు. తెలుగు మాట ఎదుట దాని కన్నడపు జంటను వ్రాసుకొంటూ పోయారు. పాలు, హాలు. పులి, హులి. పువ్వు, హూవు. మన పకారం అక్కడ హకారమవుతుందని ఒక చోట గీత గీసి, దానికి లొంగని మాటలు మరొక పుటలో జాబితా కట్టారు. కాలువ కింది క్యాంపుల నుంచి వచ్చే పిల్లలు ఇంట తెలుగు, బజారులో కన్నడం మాట్లాడి, రెండింటినీ కలిపి వ్యాసం వ్రాస్తే ఆయన ఎప్పుడూ కొట్టివేయలేదు. ఆ మాటను తమ పుస్తకంలోకి ఎక్కించుకొని, 'ఇది ఆ ఇంటిది, ఇది ఈ ఇంటిది' అని చెప్పేవారు. ఇరవై ఏండ్ల రాత్రులు, లాంతరు వెలుగు, ఆ అంచులలో ఉన్నాయి. అప్పుడు నాకు తెలిసింది తక్కువే. బరువైన పుస్తకమని, పాతదని మాత్రమే. నేను ఉపాధ్యాయుణ్ణయి, బళ్ళారిలో కన్నడం పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఒకే గదిలో పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు అందులో ఏముందో తెలిసింది. పదవీ విరమణ వరకు నా బల్ల మీద అదే ఉన్నది.

మాస్టారు ఇప్పుడు లేరు. వారి పేరు ఈ పాఠశాలలో ఏ రాతి మీదా లేదు. ఉండాలని వారు కోరుకొనేవారూ కారు. ఆ రోజులలో ఆరవ తరగతికి గదిలో చోటు చాలక వసారాలో కూర్చునేవాళ్ళం. నిన్న వచ్చి చూస్తే గదులు బాగున్నాయి, బల్లలున్నాయి, పిల్లలు పలచబడ్డారు. ఉన్న పిల్లలలో కొందరు అయిదవ తరగతికి వచ్చినా పేరా ఒకటి తడబడకుండా చదవలేకపోతున్నారని ఉపాధ్యాయులే నాతో బాధపడ్డారు. వారి తప్పు కాదు. ఒక్కొక్క పిల్లవాని పక్కన కూర్చుని, వేలు పెట్టి చదివించడానికి రోజుకు ఉన్న గంటలు చాలవు. గది కట్టిస్తే ఆ గంటలు రావు.

ఇక చివరకు వస్తానన్న చోటికి వచ్చాను. ఈ జూబిలీ సంచికలో దాతల పట్టిక అచ్చవుతుందని కార్యదర్శిగారు చెప్పారు. పేరు, ఊరు, రూపాయలు - మూడు గడులు. రూపాయలు కావాలి, వద్దనను. నా నూట పదహార్లూ అందులో ఉంటాయి, ఈ కాలానికి తగిన సున్నాలు చేర్చే ఇస్తాను. అయితే నాలుగవ గడి ఒకటి గీయమని వారిని కోరాను. దానిపై 'గంటలు' అని ఉండాలి. ఊరిలోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు, చదువుకొన్న తల్లులు వారానికి ఎన్ని గంటలు ఇక్కడికి వచ్చి ఒక పిల్లవాని పక్కన కూర్చోగలరో అందులో వ్రాయాలి. దూరాన ఉన్నవారు సెలవులకు వచ్చినప్పటి రోజులు వ్రాయవచ్చును. తీరిక దొరికితే వస్తామనే మాట మాత్రం వ్రాయవద్దు. మిగిలితే ఇస్తాననడం అది.

కార్యదర్శిగారు మంచివారు, ఒప్పుకొన్నారు. కాగితం వేదిక పక్కన బల్ల మీద ఉన్నది. నా పేరు ఎదుట శనివారం, రెండు గంటలు అని వ్రాశాను. కింద గడులన్నీ ఖాళీ. కలం కూడా అక్కడే పెట్టి వచ్చాను. వ్రాసిన తరువాత దయచేసి జేబులో వేసుకొని పోవద్దు.