షట్టర్ దించే వేళ

వేంపల్లెలో కిరాణా కొట్టు ఎన్నింటికి తెరవాలి, ఎన్నింటికి మూయాలి? అది యజమాని ఇష్టమేనని చాలామంది అనుకుంటారు. చట్టం మాత్రం అలా అనుకోలేదు.

వేంపల్లె ఉన్న కడప జిల్లా మద్రాసు పాలన కింద ఉన్న కాలంలో, 1947లో, అక్కడ దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. అందులో ఒక ముచ్చటైన వెసులుబాటు ఉండేది. మూసే వేళకి కొట్లో నిలబడి ఉన్న గిరాకీని గెంటేయనక్కర్లేదు, మరో పావుగంటలోపు సరుకిచ్చి పంపవచ్చు. చట్టం రాసినవాళ్లకు బజారు తెలుసన్నమాట! కొట్లు మూశాక అదే సరుకును వీధిలో పెట్టి అమ్మడం మాత్రం కుదిరేది కాదు. వార్తాపత్రికలకు మినహాయింపు.

ఇదంతా గుమాస్తాల కోసం. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని ఆ చట్టం చెప్పింది. వారంలో ఒక రోజు కొట్టు పూర్తిగా మూయాల్సి ఉండేది. ఆ రోజేదో ముందే నిర్ణయించి, అందరికీ కనబడేలా బోర్డు పెట్టాల్సి వచ్చేది.

ఆంధ్రప్రదేశ్ తర్వాత సొంత చట్టం చేసుకుంది. ఇప్పుడున్నది 1988 నాటిది. తెరిచే, మూసే వేళలను ప్రభుత్వమే నోటిఫికేషన్‌తో నిర్ణయించవచ్చు.

గాలి ఇప్పుడు వేళల సడలింపు వైపు తిరిగింది. పొరుగున తెలంగాణ 2023లో, ఏటా 10,000 రూపాయల రుసుముతో, షరతుల మీద 24 గంటలూ తెరుచుకునే వీలు కల్పించింది. హైదరాబాదుకు అది లాభమేమో. గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర శ్రావణ శనివారాల రద్దీని పక్కనబెడితే, అర్ధరాత్రి వేంపల్లెలో కందిపప్పు కొనేదెవరు?