త్రాగుడు మానిన మూడవనాడు

మా సత్తుపల్లి ప్రాంతమున తాటికల్లు, జీలుగుకల్లు, అడవిపల్లెలలో ఇప్పసారా పూర్వమునుండియు నున్నవే. అంగళ్లలో అమ్ము సీసామద్యము తరువాత వచ్చినది. ఈ వ్యసనమును మాన్పింపవలెనని గ్రామపెద్దలు కట్టుబాట్లు చేయుట మెచ్చదగినదే. ఐనను, రేపటినుండి చుక్క ముట్టరాదని శాసించుటలో నొక ప్రాణాపాయ మున్నది. దానిని గూర్చియు, దానికి వైద్యులిచ్చు మత్తుమందును గూర్చియు నేడు విన్నవింతును.

అప్పుడప్పుడు త్రాగువానికి ఈ భయము లేదు. ఏండ్లతరబడి నిత్యము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో, ఆరేడు గంటలకే చేతులు వణకును, చెమట పట్టును, నిద్ర రాదు. మొదటి రెండు దినములలో కొందరికి మూర్ఛ వచ్చును. రెండవ మూడవ దినములందు మరికొందరికి మతి చలించును. గోడలపై పురుగులు ప్రాకుచున్నట్లు చూచెదరు, లేనివారితో మాటలాడెదరు, ఆలుబిడ్డలను గుర్తింపరు. పల్లెలలో దీనిని గాలి సోకుట యనుకొని భూతవైద్యుని పిలుతురు; త్రాళ్లతో కట్టి గదిలో వేయుటయు కలదు. 1813వ సంవత్సరమున థామస్ సట్టన్ అను ఆంగ్లవైద్యుడు దీనికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరు పెట్టెను. చికిత్స లేనిచో ఇది ప్రాణము తీయగలదు.

ఇది ఎక్కడనో జరిగిన కథ కాదు. 2020వ సంవత్సరము మార్చినెలలో కరోనా కారణముగా మద్యపుటంగళ్లు మూతపడగా, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టి రోగులు గుంపులుగా వచ్చిరి. మరల మే 6వ తేదీన గాని తెలంగాణమున అంగళ్లు తెరువబడలేదు. అంతకు పూర్వము 2015లో కల్తీకల్లుపై ప్రభుత్వము దాడులు జరిపినప్పుడు నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో వందలకొలది జనులు ఆస్పత్రుల పాలైరి. ఆ కల్లులో డయాజిపాం, ఆల్ప్రజోలాం, క్లోరల్ హైడ్రేటు మున్నగు మత్తుపదార్థములు కలుపుచుండిరి. విచిత్రమేమనగా, వీనిలో డయాజిపాం వైద్యుని చేతిలో ఈ రోగమునకే మందు!

అదెట్లో చెప్పెదను. మోటబావి మీలో చాలమంది చూచినదే. నీరు నిండిన మోటను పైకి లాగుటకు ఎడ్లు ఏటవాలు దారిలో క్రిందికి నడచుచు బలముకొలది లాగును. సరిగా ఆ సమయమున మోకు తెగినచో ఎడ్లు ముందునకు బోర్లపడును. తప్పు ఎడ్లది కాదు, బరువు తటాలున తప్పిపోవుటయే కారణము. మన మెదడునందు గ్లూటమేటు అను రసాయనము నాడీకణములను రేపును. గాబా అను మరియొకటి వానిని శాంతింపజేయును. మద్యము గాబాకు వంతపాడి గ్లూటమేటును అణచును. ప్రతిదినము ఇట్లణచగా, మెదడు తన పని తాను చేసికొనుటకై రేపెడి బలమును హెచ్చించుకొని, శాంతింపజేయు బలమును తగ్గించుకొనును. మద్యము హఠాత్తుగా లేకపోయినంతనే ఆ హెచ్చిన బలమంతయు అడ్డులేక విజృంభించును. వణకు, మూర్ఛ, మతిభ్రమ లన్నియు దాని ఫలములే.

ఇక్కడ ఇచ్చు మందులలో ముఖ్యమైనది క్లోర్‌డయాజిపాక్సైడు. లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అమెరికాలో 1955లో దీనిని తయారుచేసెను. లిబ్రియము అను పేర 1960లో అంగడికి వచ్చెను. ఇది గాబా పనిచేయు ద్వారమునొద్దనే చేరి, దాని చేతికి బలమిచ్చును. అనగా తెగిన మోకును మరల కట్టి, బరువును మెల్లమెల్లగా దించుటవంటిది. ఈ మందు శరీరమున దినములతరబడి నిలిచి తనంతట క్రమముగా తగ్గును. వైద్యుడు నాడిని, వణకును, చెమటను చూచుచు మోతాదు తగ్గించుచు సాధారణముగా ఒక వారములో ఆపివేయును. కాలేయము చెడినవారికి ఇది లోన పేరుకొనును గనుక లోరజిపాము నిత్తురు. దానితోకూడ థయమిన్ అను బి1 విటమినును తప్పక ఇత్తురు. లేనిచో మెదడునకు శాశ్వతమైన హాని కలుగవచ్చును.

మద్యముచేత కలిగిన మదాత్యయమునకు తగినంత మద్యమే ఔషధమని చరకసంహిత చికిత్సాస్థానము చెప్పుచున్నది. వణకువానికి ఒక గ్రుక్క పోయు మన పల్లెవాడుకయు ఆ త్రోవదే. పూర్వులు ద్వారము నెరుగకున్నను త్రోవ నెరిగిరనుట నాకు సంతోషము. కాని ఆ గ్రుక్క కొలది గంటలలో దిగిపోవును, వ్యసనమును నిలుపును, కాలేయమును తినును. మందు దీనికన్న మేలు.

మేలనగా అంగడిలో కొని తెచ్చి మ్రింగుమని కాదు. మందు మ్రింగి త్రాగినచో ఊపిరియే ఆగవచ్చును. నెలలతరబడి వాడినచో మందే వ్యసనమగును. కల్తీకల్లు త్రాగినవారికి జరిగినది అదియే. మరియు ఇది ఆ వారపు గండమును దాటించును గాని, త్రాగవలెనను కోరికను మాన్పదు. దానికి తరువాతి చికిత్స వేరుగ కలదు.

కావున కట్టుబాటు చేయుటకు ముందే, నిత్యము త్రాగువాని నాస్పత్రికి పంపుడు. వణకుతో మాటలు తడబడినను, మూర్ఛ వచ్చినను, ఏ వేళనైనను 108కి ఫోను చేయుడు. వెంట వెళ్లువారు వైద్యునికి మూడు సంగతులు చెప్పవలెను: ఎన్నేండ్లుగా, దినమున కెంత త్రాగుచుండెనో, పూర్వము మానినప్పుడు మూర్ఛ వచ్చెనో లేదో, చివరిసారి త్రాగిన దెప్పుడో. ఆ వేళ తెలిసినచో రాబోవు గండమునకు ఇంకెన్ని గంటల వ్యవధి యున్నదో వైద్యుడు అంచనా కట్టగలడు.