పెరటి పొయ్యి - పొరుగింటి పొగ



హైదరాబాదునకు తూర్పున వరంగల్లు బాటమీద నున్న ఉప్పల్, దాని చెంతనున్న నాచారం ఒకప్పుడు పొలముల నడుమ నున్న గ్రామములు. నేడవి మహానగరములో భాగములు. 2007వ సంవత్సరమున ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడువసాగినది. ఇండ్లు మారినవి, వీధులు మారినవి. ఐనను ధనుర్మాసపు తెల్లవారుజామున పాత సందులలో నడచినచో ఒక పాత వాసన ముక్కునకు తగులును. అది పెరటిలో స్నానమునకు నీళ్లు కాచు కట్టెల పొయ్యి వాసన. నేటి నా ప్రసంగమునకు విషయము ఆ పొయ్యియే. నేను ఉప్పల్, నాచారముల మాట చెప్పుచున్నను, ఇండ్లు దగ్గర దగ్గరగా పెరుగుచున్న ప్రతి గ్రామమునకును ఇది వర్తించును.

మన ప్రాంతమున ఇల్లంతయు వెచ్చజేసికొను అవసరము లేదు. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగా 15 డిగ్రీల ప్రాంతమున నుండును. కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు దిగువకును పోవును. ఈ చలికి మనము చేయు పనులు మూడు. నీళ్లు కాచుకొందుము, వాకిట నెగడు వేసికొందుము, బాలింతలు, వృద్ధులు ఉన్న గదిలో కుంపటి పెట్టుదుము. ఈ మూడింటిలో నీళ్ల పొయ్యిని మన పెద్దలు ఇంటి వెలుపలనే ఉంచిరి. అది తెలివైన పని. నిప్పు దూరముగా నుండును, మసి గోడలకు పట్టదు, పొగ ఇంటిలో నిండదు.

కాని ఆనాడు పెరడనగా ఎంత? పశువుల కొట్టము, గడ్డివాము, ఒక వేపచెట్టు, దాని కావల మరియొకరి పెరడు. లేచిన పొగ ఎవరినో చేరులోపల గాలిలో కలిసిపోవుచుండెను. నేడు మన పెరటి గోడయే పొరుగువారి పడకగది గోడ. మన పొయ్యి నుండి వారి కిటికీ ఐదారడుగుల దూరములో నుండును. పొయ్యి మన ఇంటి నుండి బయటికి పోయినది గాని, పొగ వారి ఇంటిలోనికి పోయినది. పొగను తరలించుట వేరు, పొగను తొలగించుట వేరు. నేను చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలోని శీతల రాష్ట్రముల పల్లెలలో ఇంటికి కొంత దూరమున చిన్న కొట్టము వంటి ఇనుప కొలిమిని నిలుపుదురు. అందు కట్టెలు మండించి, చుట్టునున్న తొట్టిలోని నీటిని కాచి, భూమిలో పాతిన గొట్టముల ద్వారా ఆ వేడినీటిని ఇంటికి పంపి గదులను వెచ్చజేసికొందురు. ఇంటిలో పొగ లేదు, బూడిద లేదు. కాని ఇరుగుపొరుగువారు మొరపెట్టుకొనిరి. కారణములు స్పష్టమైనవి. చుట్టును నీరుండుటచే మంట చల్లబడును. నీరు చాలినంత వేడెక్కగనే గాలి ద్వారము మూసికొనును. అప్పుడు కట్టె మండక గంటల తరబడి రాజుచుండును. పొగగొట్టము పొట్టిదగుటచే ఆ పొగ పైకి పోక నేలమీదనే పరచుకొనును. తుదకు 2015వ సంవత్సరమున ఆ దేశపు పర్యావరణ సంస్థ క్రొత్తగా తయారగు అట్టి కొలుములు ఇంత పొగకు మించి విడువరాదని పరిమితులు విధించినది.

మన హైదరాబాదు ఇండ్లలోని రాగి హమామును తలచుకొనుడు. నడుమ గొట్టములో నిప్పు, చుట్టును నీరు. అది ఆ కొలిమికి చిన్న తమ్ముని వంటిది. దాని గుణములును అవే, దోషములును అవే.

పొగ ఏల వచ్చునో తెలిసికొందము. కట్టెకు నిప్పు తగులగనే మొదట దానిలోని నీరు ఆవిరియగును. పిదప వేడికి కట్టె నుండి వాయువులు వెలువడును. తగినంత వేడి, తగినంత గాలి ఉన్నయెడల ఆ వాయువులే మంటగా మండును. మిగిలినది బొగ్గు, అది దాదాపు పొగలేకయే కాలును. వేడిగాని గాలిగాని చాలనప్పుడు ఆ వాయువులు మండక పొగయై పోవును. కావున పొగ యనగా మనము కొని తెచ్చి, కొట్టి, మోసి, మండింపకయే పారవేసిన ఇంధనమని తెలియవలెను.

ఉప్పల్ రోడ్డుమీద నున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థను మీరెరుగుదురు. 1944లో హైదరాబాదు సంస్థానపు పరిశోధనశాలగా ప్రారంభమై, 1956 నుండి ప్రాంతీయ పరిశోధనశాలగా పనిచేసిన సంస్థ అది. అక్కడి శాస్త్రజ్ఞులు గనిబొగ్గును గాలి తగులకుండ తక్కువ వేడిలో కాచి, పొగబెట్టు వాయువులను ముందుగనే వేరుచేసి, ఇండ్లలో వాడుటకు పొగ తక్కువగా వచ్చు ఇంధనమును తయారుచేయు పద్ధతులపై పరిశోధించిరి. సూత్రమొక్కటే: వాయువులను ముందుగా తీసివేయవలెను, లేదా పూర్తిగా మండింపవలెను. మన పెరటిలో మనకు సాధ్యమైనది రెండవది.

ఇక లెక్క చూడుడు. 40 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు 1,000 కిలో కాలరీల వేడి చాలును. బాగుగ ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కాలరీల వేడినిచ్చును. ఐనను మూడు రాళ్ల పొయ్యిలో అందు పదియవ వంతే నీటికి చేరునని అనుకొన్నచో, ఆ నీటికి దాదాపు 3 కిలోల కట్టె కావలెను. మంటచుట్టు గోడ కట్టి, అడుగున గాలి తగులునట్లు చేసి, నాలుగవ వంతు వేడిని నీటికి చేర్చగలిగినచో కిలోకు కొంచెము పైన చాలును. మూడు నెలల చలికాలమునకు ఒక ఇంట 150 కిలోల కట్టె మిగులును. పచ్చికట్టె సంగతి వేరు. అందు సగము బరువు నీరే. ఆ నీటిని ఆవిరి చేయుటకే కొంత వేడి ఖర్చగును. అంతకంటె కీడేమనగా, మంట చల్లబడి పొగ రెట్టింపగును.

ఆ పొగ యేమి చేయును? అందలి సన్నని కణములు మన తల వెంట్రుక మందములో ఇరువదియవ వంతు కంటె చిన్నవి. అవి ముక్కులో ఆగక ఊపిరితిత్తుల లోతులకు పోవును. పసిబిడ్డలకు న్యుమోనియా, పెద్దలకు తగ్గని దగ్గు, ఆయాసము, గుండెజబ్బులు వచ్చుటకు ఈ పొగ ఒక కారణము. నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో 420 ఇండ్లలోని గాలిని పరీక్షించిన పరిశోధన 2004లో వెలువడినది. ఉప్పల్ ఆనాడు రంగారెడ్డి జిల్లాలోనిదే; 2016 నుండి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనిది. గ్యాసు వాడు ఇండ్ల కంటె కట్టెలు, పిడకలు వాడు ఇండ్లలో ఇట్టి కణములు అనేక రెట్లు ఎక్కువగా నున్నట్లు ఆ పరిశోధనలో తేలినది.

చలికాలపు తెల్లవారుజాము మరింత ప్రమాదకరము. రాత్రి నేల చల్లబడి, దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కును. పైన వెచ్చని గాలి మూతవలె కప్పియుండును. పొగ పైకి పోలేక సందులోనే నిలుచును. మనము నీళ్ల పొయ్యి వెలిగించునది సరిగా ఆ వేళనే.

దీనికి ఉపాయము వెదకినవారు మన నగరమున ఏనాడో ఉండిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు డైరెక్టరుగా నుండిన డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితో కట్టుకొనదగిన, పొగగొట్టము గల పొయ్యిని రూపొందించి, కోట్లాది ఇండ్లకు పొగలేని వంటగదులు కావలెనని 1953లో ఒక పుస్తకమే వ్రాసిరి. పిమ్మట భారత ప్రభుత్వము 1983 నుండి 2002 వరకు మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును నడపి, 3 కోట్లకు పైగా పొయ్యిలను పంచినది. వానిలో ఎన్నో కొద్ది కాలమునకే మూలబడినవి. ఒడిశా పల్లెలలో జరిగిన మరియొక దీర్ఘ పరిశోధనలో, క్రొత్త పొయ్యి వలన మొదటి సంవత్సరమున పొగ తగ్గినను తరువాత ఆ మేలు నిలువలేదని తేలినది. కారణము చిన్నది: పొయ్యి పగిలినప్పుడు మెత్తలేదు, గొట్టము మూసికొన్నప్పుడు దులుపలేదు. పొయ్యిని ఇచ్చుట ఒకనాటి పని; కాపాడుకొనుట ప్రతి నెల పని.

కావున నేను కోరునవి ఇవి. మొదటిది, కట్టె నేటిది నేడు కాల్చరాదు. వేసవికి ముందే కొట్టించి, చీల్చి, నేలకు తగులకుండ రాళ్లమీద పేర్చి, వానకు పైకప్పు వేసి, ప్రక్కల గాలియాడనిండు. ఆరు నెలలు ఎండిన కట్టెను ఒకదానితో ఒకటి కొట్టినచో ఖంగుమని మ్రోగును. పచ్చికట్టె మొద్దుగా పలుకును.

రెండవది, పొయ్యి అడుగున ఇనుప జాలి వేసి గాలికి దారి ఇయ్యుడు. సన్నని పుల్లలతో మంటను పట్టించి, తరువాత కొంచెము కొంచెముగా కట్టె వేయుడు. ఒక్కసారి మొద్దు దూర్చి వదలివేయుట పొగను పిలుచుటయే. కాగుమీద మూత పెట్టుడు.

మూడవది, పొగగొట్టము మీ ఇంటి కప్పుకు మాత్రమే కాదు, పొరుగింటి కిటికీకి కూడ మీదుగా నుండవలెను. చలికాలమున నెలకొకసారి మసి దులుపవలెను.

నాలుగవది, కార్ఖానాలున్న నాచారము వంటి చోట్ల పాకింగు చెక్క, ప్లైవుడ్డు ముక్కలు చౌకగా దొరకునని ఆశపడరాదు. రంగు పూసిన చెక్క, జిగురుతో అతికిన పలకలు, ప్లాస్టికు, రబ్బరు పొయ్యిలో వేసినచో వెలువడునది విషము. ఎండిన శుభ్రమైన చెక్కనే కాల్చవలెను.

ఐదవది ప్రాణములకు సంబంధించినది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. ఎఱ్ఱగా కణకణలాడు బొగ్గుల నుండి పొగ కనబడదు. కాని కార్బను మోనాక్సైడను వాయువు వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును. తలనొప్పి, మగతతో మొదలై, నిద్రలోనే ప్రాణము పోవచ్చును. బాలింత గదిని కుంపటితో వెచ్చజేయదలచినచో తలుపు తెరచియుంచి, కొంతసేపు వెచ్చజేసి, పడుకొనుటకు ముందు కుంపటిని బయటికి తీయవలెను.

కట్టెయే వలదనువారికి వేరు దారులును కలవు. 1999లో ఆంధ్రప్రదేశ్ లో దీపం పథకము, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకము వలన ఎందరో పేద గృహిణులకు గ్యాసు కనెక్షనులు వచ్చినవి. మిద్దెమీద ఎండ పడు ఇండ్లకు సౌరశక్తితో నీళ్లు కాగు యంత్రములు అనుకూలములు. కాని గ్యాసు ఖర్చునకు వెరచి వంటకు మాత్రమే దానిని ఉంచి, నీళ్లకు కట్టెను వాడు ఇండ్లు ఇంకను ఉన్నవి. వారిని తప్పుపట్టి ప్రయోజనము లేదు. వారి పొయ్యి బాగుగా మండునట్లు చూచుటయే తక్షణ కర్తవ్యము.

ఒక చిన్న పరీక్షతో ముగింతును. రేపు ఉదయము పొయ్యి వెలిగించిన పావుగంటకు గోడ దాటి పొరుగువారి వాకిట నిలిచి మీ ఇంటి వైపు చూడుడు. గొట్టము నుండి పలుచని ఆవిరి మాత్రమే కనబడినచో మీ పొయ్యి మంచిది. నల్లని పొగగాని, కళ్లు మండించు తెల్లని పొగగాని కనబడినచో కట్టెనో, గాలినో, గొట్టమునో సరిచేయవలసి యున్నది. మన పొయ్యి మనకు వేడినీళ్లు ఇయ్యవలెను గాని, పొరుగువారి కంట నీళ్లు తెప్పింపరాదు గదా!