నోరులేని వాటి హక్కు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆలిమ్‌ను కాను. విజయవాడ ఆటోనగర్‌లో బైకు ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్‌ని. ఏం మాట్లాడమంటారని అడిగితే కార్యదర్శి గారు "మీ పని గురించే చెప్పండి" అన్నారు. అందుకని ఇంజన్ ఆయిల్ గురించి, మా షెడ్డు కాపలా కుక్క మోతీ గురించి చెబుతాను. ఈ రెండింటికీ పొత్తేమిటని అనుకోకండి. రెండూ మనకు పని చేసి పెట్టేవే, రెండూ నోరు తెరిచి తమ బాధ చెప్పుకోలేనివే.

మా షెడ్డుకు రేసుల సరదా ఉన్న కుర్రాళ్లు వస్తుంటారు. వారమంతా ఉద్యోగాలు చేసుకుని, సెలవు దొరికితే బైకులు వ్యాన్‌లో ఎక్కించుకుని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి పోతారు. అక్కడ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. నలుగురు చేరారంటే ముందు మొదలయ్యేది ఆయిల్ వాదనే. ఒకరు 10డబ్ల్యూ-40 మేలంటారు, ఇంకొకరు మన ఎండలకు 20డబ్ల్యూ-50 ఉండాల్సిందే అంటారు.

డబ్బా మీద మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండో అంకె ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అలాగని చిక్కగా ఉన్నదల్లా మంచిది కాదు. అవసరానికి మించి చిక్కనైతే దాన్ని తోయడానికే ఇంజన్ బలం కొంత ఖర్చవుతుంది. ఇంకో సంగతి ఉంది. చాలా బైకుల్లో ఇంజన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఒకటే ఆయిల్. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి బైకులో పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందా అని చూస్తాం.

ఒకప్పుడు రేసు ఇంజన్లలో ఆముదం పోసేవారంటే ఈ కుర్రాళ్లు నమ్మరు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో పండే ఆముదమే. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచి వచ్చిందే. అది మహా వేడిలోనూ లోహాన్ని వదలకుండా అంటుకుని ఉంటుంది. కానీ దించకుండా వదిలేస్తే బంకలా గట్టిపడుతుంది. ఎంత గొప్ప ఆయిలైనా గడువు దాటితే ఇంజన్‌కి శత్రువే.

ఇప్పటి ఖరీదైన ఆయిళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. గేర్ల పళ్ల మధ్య నలిగి పలచబడతాయి. కొద్దికొద్దిగా పెట్రోలు కలుస్తుంది, మసి చేరుతుంది. అనుభవం ఉన్న రేసరు ఖరీదైన డబ్బా కొన్నానని మురిసిపోడు. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోసి, ట్రాక్ మీద పరుగు ముగిశాక దించేసి, ఆ పాత ఆయిల్లో లోహపు రజను మెరుస్తోందా అని వెలుగులో పెట్టి చూస్తాడు. ఇంజన్ తన బాధ చెప్పుకునేది అక్కడే. సాదా ఆయిలైనా వేళకు మార్చిన బండి, ఖరీదైన ఆయిల్ పోసి మరిచిపోయిన బండి కంటే ఎక్కువ కాలం నడుస్తుంది.

ఇక మోతీ సంగతి. పదకొండేళ్లు మా షెడ్డుకు కాపలా కాసింది. వేట కోసం, పశువుల కోసం, కాపలా కోసం కుక్కను ఉంచుకోవచ్చని మన ధర్మం చెప్పింది. దాని లాలాజలం విషయంలో ఉన్న శుభ్రత నియమాలు మాకు తెలుసు. దాని గిన్నె వేరు, చోటు వేరు, నా నమాజు బట్టలు వేరు. నియమం నియమమే, దయ దయే. ఒకదానికొకటి అడ్డు రావు.

పోయిన చలికాలంలో మోతీ వెనక కాళ్లు పడిపోయాయి. పశువుల డాక్టరు చూసి, వయసు మీద పడింది, ఇక కోలుకోదన్నారు. షెడ్డులో ఒక కుర్రాడు మెల్లగా అన్నాడు: "చాచా, రాత్రి వ్యాన్‌లో ఎక్కించి బైపాస్ దాటాక దింపేసి వద్దామా?" వాడు చెడ్డవాడు కాదు. ఊళ్లో చాలామంది చేసేదే చెప్పాడు. నేనన్నాను: "బేటా, పదకొండేళ్లు మన తలుపు కాసినదాన్ని చివరి పదకొండు రోజులకు తలుపు బయట పారేస్తామా?" వాడు మరి మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి పాత గోనెలు పరిచి దాని పక్క మార్చింది వాడే. ఒళ్లు పుండు పడకుండా పూటపూటకీ పక్కకు తిప్పేవాళ్లం. నొప్పికి డాక్టరు ఇచ్చిన మందు వేసేవాళ్లం. ఆయిల్ గురించి గొంతు చించుకునే రేసు కుర్రాళ్లు కూడా వచ్చి దాని దగ్గర కాసేపు మాటల్లేకుండా కూర్చుని వెళ్లేవారు. ఒక తెల్లవారుజామున నేను ఫజర్ నమాజు నుంచి వచ్చేసరికి దాని ఊపిరి ఆగిపోయింది. స్థలం యజమానిని అడిగి, షెడ్డు వెనక లోతుగా గొయ్యి తీసి పూడ్చాం.

దాహంతో తడి మట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తన తోలు మేజోడు నిండా నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు మీకందరికీ తెలుసు. గుహలో నిద్రపోయిన ఆ యువకుల గురించి చెప్పిన చోట ఖుర్ఆన్ వాళ్ల కుక్కను కూడా విడవకుండా ప్రస్తావించింది. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన స్త్రీ గతేమిటో కూడా హదీసులో విన్నాం. మన చేతి కింద ఉన్నది మనకు అమానత్. అది పని చేసినన్నాళ్లే కాదు, పని చేయలేని రోజున కూడా.

దాతలకు నా మనవి ఇక్కడే ఉంది. అంబులెన్స్ కొందామంటే అల్లాహ్ దయవల్ల చేతులు ముందుకొస్తాయి. దాని అద్దం మీద దాత పేరు రాస్తాం. ఆ అంబులెన్స్‌కి ఆయిల్ మార్చినందుకు ఎవరి పేరూ రాయం. వితంతువులకు ఇచ్చిన కుట్టు మిషన్లు, బస్తీలో వేసిన చేతిపంపు, మయ్యిత్‌ను ఉంచే ఫ్రీజర్ పెట్టె, అన్నిటిదీ ఇదే కథ. ఇచ్చినరోజు ఫోటో ఉంటుంది. వాషర్ అరిగిన రోజున ఎవరూ ఉండరు. సదఖయె జారియా అంటే పారుతూ ఉండే పుణ్యం. పంపు చెడి నీళ్లు ఆగితే ఆ పారకం ఎక్కడిది?

కాబట్టి ఈ ఏడాది నుంచి, ఒక వస్తువు ఇచ్చే దాత దాని మరమ్మతుకూ కొంత సొమ్ము వేరుగా ఇవ్వాలని కోరుతున్నాను. జకాత్ సొమ్ము అర్హుల చేతికే చేరాలి కనుక ఇది సదఖా నుంచే కావాలి. సంఘం వాహనానికి ఆయిల్ మార్చే పని నా చేతుల మీదుగా ఉచితంగా చేస్తాను, ఇన్షా అల్లాహ్. ఎండాకాలంలో మనం పెట్టే చలివేంద్రం పక్కన నేల మీద ఒక నీళ్ల తొట్టి కూడా ఉంచుదాం. అడగలేని వాటికీ దాహం వేస్తుంది.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, వాటిని చివరిదాకా కాపాడే ఓపికను కూడా మనకు ప్రసాదించుగాక. ఆమీన్.