రహస్యము యజమానిది, నైపుణ్యము పనివానిది

నేడు న్యాయశాస్త్ర పట్టములు స్వీకరించుచున్న యువమిత్రులారా!

దక్షిణమున కొల్లేటి చేపలచెరువులును, ఉత్తరమున ద్వారకాతిరుమల వైపు మెట్టభూములును గల ఈ భీమడోలులో వ్యాపార రహస్యములను గూర్చి ప్రసంగింపబూనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మన జిల్లా మెట్టలో కంపెనీలకై సంకర మొక్కజొన్న విత్తనము పండించు రైతు అట్టి రహస్యమునే తన పొలమున నాటుచున్నాడు. కంపెనీ యిచ్చిన ఆడ, మగ వంగడములను వేర్వేరు వరుసలుగా నాటి, ఆడమొక్కల మగపూగుత్తులను పుప్పొడి రాలకమునుపే త్రుంచివేసినగాని ఆ విత్తనము సిద్ధింపదు. దాని పంటనుండి తీసిన గింజలను మరల విత్తినచో మొదటి దిగుబడి నిలువదు కావున, జనకవంగడములు రెండును ఎవని చేత నుండునో వానిదే ఆ వ్యాపారము. ఏండ్ల తరబడి శాస్త్రజ్ఞులు చేసిన కృషి యంతయు, దారిన పోవువాడు చేయిచాచి అందుకొనగల పొలమున, ఒక రైతు మాటను నమ్మి నిలిచియున్నది.

నమోదైన వంగడములకు 2001 నాటి వృక్షవంగడముల, రైతుహక్కుల చట్టము రక్షణ నొసగుచున్నది గాని, సామాన్యముగా వ్యాపార రహస్యములకు మన దేశమున ప్రత్యేక శాసనము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమును, విశ్వాసభంగమును సహింపని ఈక్విటీ సూత్రములును ఆధారముగా న్యాయస్థానములు తీర్పు చెప్పుచున్నవి. టైరుకార్డు నూలు తయారుచేయు కంపెనీలో ఐదేండ్ల ఒప్పందముపై చేరి, గడువు తీరకమునుపే పోటీ సంస్థకు తరలిన ఉద్యోగిని సుప్రీంకోర్టు 1967లో నిరోధించినది. ఉద్యోగము ముగిసిన పిమ్మట జీవనోపాధిని అడ్డగించు షరతును అమలుపరచుటకు 1980లో అదే న్యాయస్థానము నిరాకరించినది; కాంట్రాక్టు చట్టపు 27వ సెక్షను అట్టి షరతును చెల్లనీయదు. ఈ రెండు తీర్పుల నడుమనున్న గీతయే న్యాయమైనదని నా దృఢవిశ్వాసము: రహస్యము యజమానిది, పనివాని చేతికబ్బిన నైపుణ్యము వానిదే.

2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికయందు ప్రత్యేక శాసనమును సిఫారసు చేయుచు, అక్రమములను బయటపెట్టువారికిని, ప్రజాహితమునకును మినహాయింపులు సూచించినది. ఆ మినహాయింపులు లేని చట్టము బలవంతుని చేతి ఆయుధమే యగును. రైతునుండి గోప్యతను కోరు కంపెనీ, పంట విఫలమైనప్పుడు నష్టమెవరిదో ఒప్పందమున చెప్పక దాటవేయరాదు.

మిత్రులారా, రేపు మీలో నొకరు అట్టి ఒప్పందమును వ్రాయవలసివచ్చినచో, ఏది గోప్యమో, ఎంతకాలము గోప్యమో, నష్టపరిహారమెంతయో స్పష్టముగా, ఆ రైతు తానే చదువుకొనగల తెలుగులో వ్రాయుడని ప్రార్థించుచున్నాను.