రెండో కుండీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను కాలువల గురించి, ప్రాజెక్టుల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని అదే. కానీ ఈ రోజు మందుల గురించి మాట్లాడతానని అడిగి ఒప్పించుకున్నాను. నేను డాక్టర్ని కాను. ఎందుకు మాట్లాడాలనిపించిందో ముందు చెబుతాను.

2021 మే నెలలో మా అన్న హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్లు ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకోండి అన్నారు. మూడు రోజులు ఊరంతా తిరిగాను. వదిన గాజులు కుదువపెట్టింది. అడిగినంత ఇచ్చి ఆరు వయల్స్ తెచ్చాను. అన్న దక్కలేదు.

ఏడాది తర్వాత మనసు కుదుటపడ్డాక ఆ మందు గురించి చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా దేశాల్లో ‘సాలిడారిటీ’ అనే ట్రయల్ జరిపింది. ఆసుపత్రిలో చేరినవారి మరణాలను తగ్గించడంలో ఆ మందుతో చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదని 2020 అక్టోబరులోనే ప్రకటించింది. అంటే నేను పరుగెత్తడానికి ఏడు నెలల ముందే. తర్వాత వచ్చిన తుది ఫలితాల్లో ఆక్సిజన్ మీదున్నవారికి కొద్దిపాటి మేలు కనిపించింది గానీ, వెంటిలేటర్ మీదున్నవారికి కనిపించలేదు.

నేను కాంక్రీటు పనులు చేయించినవాణ్ణి. క్యూబులు పోయించి, 7వ రోజున, 28వ రోజున మెషిన్‌లో పెట్టి పగలగొట్టి చూడందే బిల్లు మీద సంతకం పెట్టను. సిమెంటు కంపెనీ ఎంత పెద్దదైనా, మేస్త్రీ ఎంత అనుభవం ఉన్నవాడైనా నా లెక్క అదే. అన్న ఒంట్లోకి ఎక్కే మందు గురించి మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ గడియలో అడిగే నిబ్బరం ఎవరికీ ఉండదు. కాబట్టి మన తరఫున ఎవరో ముందే అడిగి ఉండాలి. అట్లా ముందే అడిగి పెట్టే పనికే క్లినికల్ ట్రయల్ అని పేరు.

ఆ అడిగే పద్ధతిని మనకు ఈ బడిలోనే నేర్పారు. నా బ్యాచ్‌వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతిలో ఒకడు ఎరువుల దుకాణం నుంచి ‘బలం పొడి’ అని ఒక పొట్లం తెచ్చాడు. మా ఇంట్లో చల్లితే చెట్లు ఇంత ఎత్తు పెరిగినయని చెప్పాడు. సైన్స్ సారు కాదనలేదు, అవుననలేదు. రెండు కుండీలు తెప్పించారు. ఒకే మట్టి, ఒకే పల్లి గింజలు, ఒకే ఎండ. ఒకదాంట్లో పొడి వేయించారు. పది రోజులకు పొడి వేసిన కుండీలో మొలకలు బాగా ఎదిగాయి. మేం చప్పట్లు కొట్టాం. సారు మట్టిని వేలితో తడిమి చూసి, “ఎవడురా దీనికి ఎక్కువ నీళ్లు పోసింది?” అన్నారు. పోసింది నేనే. పొడి గెలవాలని నా ఆశ.

సారు కొట్టలేదు. మళ్లీ పెట్టించారు. ఈసారి పది కుండీలు. ఏ కుండీకి పొడి వేయాలో చీటీలు తీసి, ఆ జాబితా తన బీరువాలో పెట్టి తాళం వేశారు. నీళ్లు పోసే మాకు ఏది ఏదో తెలియదు. చివరికి బీరువా తీసి చూస్తే రెండు రకాలూ సమానంగానే పెరిగాయి.

పెద్ద పెద్ద ట్రయల్స్‌లోని కీలకం ఇంతే. మందు ఇచ్చినవారితో పోల్చడానికి ఇవ్వనివారు ఉండాలి. ఎవరు ఎటు అనేది చీటీ తేల్చాలి. వీలైనంతవరకు రోగికీ డాక్టరుకూ కూడా ఎవరికి ఏది వెళ్తున్నదో తెలియకూడదు. ఎందుకంటే ఆశ మనచేత ఎక్కువ నీళ్లు పోయిస్తుంది. మనుషులతో చేసేది కాబట్టి మెట్లు మెట్లుగా వెళ్తారు. మొదట కొద్దిమందిలో ప్రమాదం ఉందా అని, తర్వాత వందల మందిలో పనిచేస్తున్నదా అని, ఆపైన వేల మందిలో పోల్చి చూస్తారు.

కరోనా కాలంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్లలు మన మెడికల్ షాపుల్లో ఎట్లా ఖాళీ అయ్యాయో మీరు చూశారు. బ్రిటన్‌లో ‘రికవరీ’ ట్రయల్ 2020 జూన్‌లో, ఆసుపత్రిలో చేరినవారికి దానితో లాభం లేదని తేల్చింది. అదే నెలలో, అదే ట్రయల్, డెక్సామెథసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని చూపింది. ధరను బట్టి, పేరును బట్టి ఆ తేడా తెలియదు. రెండో కుండీ పక్కన ఉంటేనే తెలుస్తుంది.

మనకు దగ్గరి ముచ్చట ఇంకొకటి చెబుతాను. మా తాతల కాలంలో క్షయ వస్తే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం అన్నారు. మన వైపు వాళ్లకు అనంతగిరి ఆసుపత్రి అట్లాంటిదే. మంచాలు కొన్ని, రోగులు లక్షలు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. అక్కడ పేద రోగులను చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. కొందరిని శానటోరియంలో ఉంచారు. కొందరికి మందులిచ్చి ఇరుకిళ్లలోనే ఉండనిచ్చారు. 1959లో వచ్చిన ఫలితం చూసి ప్రపంచమే ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఉండి మందులు వాడినవారూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. ఈ రోజు క్షయ మందులు మన ఊరి ఆరోగ్య కేంద్రంలో దొరుకుతున్నాయంటే ఆ పేద రోగుల పుణ్యం అందులో ఉంది.

మన పిల్లలకు విరేచనాల జబ్బు రాకుండా వేసే రోటావాక్ చుక్కల టీకా హైదరాబాద్‌లో తయారైంది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో పరీక్షించి చూశారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. 2016 నుంచి దేశ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది.

ఇంతవరకు ట్రయల్స్ ఎందుకు కావాలో చెప్పాను. ఇక రెండో మాట. ఇది మా గురువులు, ఇప్పుడు పంతుళ్లుగా పనిచేస్తున్న మిత్రులు ప్రత్యేకంగా వినాలని నా కోరిక. కుండీకి నోరు లేదు. మనిషికి ఉంది. అడగాలి.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. సుమారు 14,000 మంది. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టల్ పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ లేచింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పు మందులో కాదు, అడిగిన తీరులో. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. అమ్మానాన్నలు కాదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

నిర్వాహకులు దాన్ని ట్రయల్ అననే లేదు. ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. పేరు ఏదైనా పిల్ల చెయ్యి ఒకటే కదా.

ఆ హెడ్మాస్టర్లు దుర్మార్గులని నేననుకోను. పైనుంచి కాగితం వచ్చింది, మంచికే అన్నారు, సంతకం పెట్టారు. మన జిల్లాల్లోనూ హాస్టళ్లున్నాయి. అమ్రాబాద్, మన్ననూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో చెంచు పిల్లలు చదువుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులు పనికోసం ఏ ఊళ్లోనో ఉంటారు. రేపు అట్లాంటి కాగితం మీ బల్ల మీదికి వస్తే ఏం చేస్తారు?

ఇప్పుడు చట్టం మన వైపే ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. మొదటి మనిషిని చేర్చుకోకముందే ట్రయల్‌ను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దాన్ని ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. పిల్లల విషయంలో తల్లిదండ్రులో, చట్టప్రకారం సంరక్షకులో ఒప్పుకోవాలి. చదువురాని మనిషైతే సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం హక్కు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా బయటికి రావచ్చు, కారణం చెప్పనక్కరలేదు.

ఎవరైనా మన ఊరివాళ్ల ముందు కాగితం పెడితే నాలుగు మాటలు అడిగించండి. ఇది వైద్యమా, పరీక్షా? నేను చేరకపోతే నాకు దొరికే వైద్యం ఏది? ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఖర్చు ఎవరిది? రిజిస్ట్రీ నంబర్ ఎంత? జవాబు తెలుగులో, ఇంట్లో చర్చించుకునేంత తీరికతో రావాలి. సరైన జవాబులు వస్తే చేరమనే చెప్పండి. అందరూ వద్దంటే రేపటి మందు ఉండదు.

మన సంఘానికి ఒక మనవి. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు. ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే, అట్లాంటి కాగితం వచ్చిన కుటుంబానికి చదివి చెప్పే ఏర్పాటు చేద్దాం. ఫోన్ ఖర్చు తప్ప వేరే పెట్టుబడి లేదు. మొదటి సంవత్సరం ఆ ఫోన్ నేను ఎత్తుతాను.

సారూ, ఆ రోజు ఎక్కువ నీళ్లు పోసింది నేనేనని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీరు నన్ను తిట్టకుండా ఇంకో ఎనిమిది కుండీలు తెప్పించారు. ఆ పాఠం అన్న విషయంలో నాకు సమయానికి గుర్తు రాలేదు. ఇక్కడున్నవాళ్లలో ఒక్కరికైనా గుర్తొస్తుందని మాట్లాడాను.